ఖిలాలో రొట్టెలు ఎవరు కాల్చారు?

ఖిలా అంటే మన పిల్లలకు టికెట్ కొనుక్కుని ఎక్కే కొండ. కింద గుమ్మటం దగ్గర చప్పట్లు కొట్టడం, పైన బాలా హిసార్ మీద ఫొటోలు దిగడం, దిగొచ్చాక మొక్కజొన్న కంకి కొనుక్కోవడం. గైడ్లు చెప్పే కహానీలు కూడా మూడే మూడు: వజ్రాలు, చప్పట్లు, గద్దార్. ఎవడో నమక్ హరామ్ రాత్రిపూట తలుపు తీశాడట, ఎనిమిది నెలలు నిలబడ్డ గోల్కొండ ఒక్క రాత్రిలో పోయిందట. అంతే, ఖేల్ ఖతమ్.

ఆ మూడో కహానీతో నాకు పేచీ ఉంది. ఎందుకంటే ఖిలా నాకు ససురాల్.

నేను ఖమ్మం పిల్లను. నికా అయ్యాక నేనొచ్చిన ఇల్లు గోల్కొండ బయటి ఫసీల్ లోపల, రిసాలా బజార్ వైపు ఒక సందులో ఉంది. మైకా వాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు, "ఖిలాలో ఎట్లా ఉంటారే, అదంతా పాడుబడ్డది కదా" అని. టికెట్ ఉన్నది కొండకీ దాని చుట్టూ ఉన్న మహళ్లకీ మాత్రమే. బయటి గోడకీ ఆ కొండకీ మధ్య పెద్ద ఊరే ఉంది. మసీదులున్నాయి, బడులున్నాయి, కిరాణా కొట్లున్నాయి, నల్లా దగ్గర బిందెల కొట్లాటలున్నాయి. ఫతే దర్వాజా కిందుగా ఆటోలు, స్కూల్ వ్యాన్లు, బరాత్‌లు అన్నీ ఒకదాని వెనక ఒకటి నత్తల్లా వెళ్తాయి. ఆ దర్వాజాను కట్టిన ఉస్తాద్‌లు అక్కడ ఎవరూ వేగంగా లోపలికి రాకూడదనే కట్టారు. వాళ్ల పని ఇంకా పని చేస్తూనే ఉంది!

నిజంగానే అది ఆలోచించి కట్టిన కట్టడం. కాకతీయుల కాలంలో గొల్లకొండ మీద ఉన్నది మట్టి కోట. దాన్ని రాతి ఖిలాగా మార్చింది కుతుబ్ షాహీలు. ఊరి చుట్టూ ఒక ఫసీల్, కొండ మొదట్లో ఇంకొకటి, కొండ మీద మూడోది. బయటి గోడకు 87 బుర్జ్‌లు, 8 దర్వాజాలు. గోడ తిన్నగా ఉంటే దాని కింద నక్కిన వాణ్ని పైనుంచి కొట్టలేరు. అందుకే బుర్జ్ గోడ నుంచి ముందుకు పొడుచుకొస్తుంది, అక్కడున్న సిపాహీకి రెండు పక్కలా గోడ పాదం కనిపిస్తుంది. దర్వాజా తలుపులకు ఇనప మేకులు, ఏనుగు తలతో కుమ్మకుండా. బాలా హిసార్ దర్వాజా ముందయితే అడ్డంగా ఒక గోడ, ఏనుగు పరుగెత్తుకొచ్చే జాగా లేకుండా. లోపలికి రావాలంటే పక్కకు తిరగాలి, తిరిగినవాడి ఒళ్లు పైవాడికి నిశానా అవుతుంది. ఇక మనం నవ్వుతూ కొట్టే ఆ చప్పట్లు పహరా వాళ్ల టెలిఫోను. కింద దర్వాజా దగ్గర ఏం జరుగుతుందో కొండ కొసన ఉన్నవాడికి చేరేది.

ఒకసారి ఇంటికొచ్చిన చుట్టాలతో అందరం లైట్ అండ్ సౌండ్ షోకి వెళ్లాం. తోపులు ధడాల్ ధడాల్ మంటున్నాయి, గొంతు బొంగురుగా పెట్టి ఎవరో యుద్ధం చెప్తున్నారు. మా సాస్ నా చెవిలో అన్న మాట: "తోపాఁ తో ఠీక్ హై, ఇత్తె లోగాఁకు రోట్యాఁ కౌన్ పకాయే?" తోపులు సరే, ఇంతమందికి రొట్టెలు ఎవరు కాల్చారు అని. అమ్మీ ఆ మాట మర్చిపోయి ఉంటారు. నేను మాత్రం ఆ తర్వాత ఖిలా గురించి ఏది చదివినా ఈ సవాల్‌తోనే చదువుతున్నాను.

ముందు నీళ్ల సంగతి. కొండ మీద బావి తవ్వితే నీళ్లెక్కడ పడతాయి? దుర్గం చెరువు నీళ్లు ఖిలాకు తాగునీరుగా వచ్చేవని చెప్తారు. అదేనండీ, ఇప్పుడు తీగల వంతెన వేసి లైట్లు పెట్టిన దుర్గం చెరువే. లోపలికొచ్చిన నీళ్లను రహట్‌లతో, అంటే కుండలు కట్టిన చక్రాలతో, ఒక హౌజ్ నుంచి దానిపై హౌజ్‌కు అంచెలంచెలుగా ఎక్కించేవారు. గోడల్లో మట్టి గొట్టాలు ఇప్పటికీ బయటపడి కనిపిస్తాయి. మీరు వెళ్లినప్పుడు కింది నుంచి బాలా హిసార్ దాకా ఖాళీ చేతులతో ఎక్కి చూడండి, ఆయాసం వస్తుంది. పైన పహరా కాసేవాడు తాగే ప్రతి గుక్క నీళ్లూ అంత ఎత్తు ఎక్కాల్సిందే. మా ఖమ్మం ఖిలా కింద జాఫర్ బావిని చిన్నప్పటి నుంచీ చూశాను. మెట్లు మెట్లుగా నేలలోకి దిగే ఆ బావి పక్కన నిలబడితే తోప్ కన్నా ఇదే పెద్ద హథియార్ అనిపించేది.

నీళ్ల తర్వాత గల్లా. ఎక్కే దారిలో అంబర్‌ఖానా ఉంది, ధాన్యం కొట్టు. అందరూ దాని నీడన కూచుని నీళ్లు తాగి ముందుకెళ్తారు. కింద సిలాఖానా మాత్రం ఆయుధాల కొట్టు. గండికోటకు వెళ్లినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, అక్కడ జామియా మసీదుకు దగ్గర్లోనే అంత పెద్ద ధాన్యాగారం, అవతల మాధవరాయ స్వామి గుడి. దండయాత్ర వస్తే చుట్టుపక్కల ఊళ్ల జనం కూడా పశువులతో సహా లోపలికి రావాలి కదా. ఖిలా కట్టేవాడు బుర్జ్‌లు లెక్కపెట్టడం కన్నా ముందు నోళ్లు లెక్కపెట్టుకోవాలి.

సిపాహీ ఒక్కడే రాడు. అతని వెంట గుర్రానికి గడ్డి కోసేవాడు, నాడాలు కొట్టేవాడు, తోలు సంచిలో నీళ్లు మోసే భిస్తీ, దర్జీ, హజ్జామ్, బావర్చీ, బీబీ బచ్చే, ముసలి అమ్మ. మన ఉర్దూ అనే మాటే తుర్కీ మాట, దానికి మూలార్థం ఫౌజీ మకాం, దండు విడిది. రకరకాల మనుషులు ఒకచోట గుడారాలు వేసుకుని ఉప్పూ నిప్పూ అడుక్కున్న చోట పెరిగిన జబాన్ మనది. ఆ విడిది నుంచి తెలుగులోకి వచ్చిన మాటలు చూడండి: సిపాయి, జవాను, పహరా, కవాతు, బురుజు, ఖజానా, మకాం. తుపాకీ కూడా తుర్కీ నుంచే. ఏ తెలుగు నానమ్మ అయినా ఈ మాటలు వాడుతుంది, ఎక్కడివని అడగదు.

మేలో ఇక్కడ ఒక రాత్రి ఉంటే ఆ సిపాహీ బతుకు మీకు కొంచెం అర్థమవుతుంది. ఈ రాయి పగలంతా తాగిన ఎండను అర్ధరాత్రి దాకా కక్కుతుంది. మా ఇంటి వెనక గోడ పాత రాయిదే, ఆ వైపు మంచం వేసుకోం. అదే రాయి మధ్య, ఇనప టోపీ పెట్టుకుని, బారూద్ వాసనలో కాపలా కాసినవాడు నిద్రపోకుండా ఉండటమే ఒక జంగ్.

ఇక 1656 గురించి. షాజహాన్ కొడుకుగా, దక్కన్ సుబేదార్‌గా ఔరంగజేబ్ మొదటిసారి గోల్కొండ మీదికొచ్చాడు. సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా హైదరాబాద్ వదిలేసి ఖిలాలోకి వచ్చి తలుపులు మూసుకున్నాడు. ఆ ఆపద గట్టెక్కింది గోడల వల్ల ఒక్కటే కాదు. సుల్తాన్ తల్లి హయాత్ బక్షీ బేగం స్వయంగా మొగల్ డేరాకు వెళ్లి మాట్లాడింది. మనవరాలిని ఔరంగజేబ్ కొడుక్కు నికా చేసి ఇవ్వడానికి ఒప్పుకుని, నజరానా ఒప్పుకుని సుల్హ్ కుదిర్చింది. మాసాబ్ ట్యాంక్ అని బస్సు కండక్టర్లు అరిచే పేరు ఆ మా సాహెబా పేరే. ఆ దెబ్బ తర్వాతే ఎదురుగా ఉన్న గుట్ట మీది నుంచి మళ్లీ ఎవరూ తోపులు పేల్చకుండా ఆ గుట్టనే గోడ కట్టి లోపలికి తీసుకున్నారు. అదే నయా ఖిలా. ఆఫ్రికా నుంచి వచ్చిన ఆ లావు చెట్టు, హథియాఁ కా ఝాడ్, అక్కడే ఉంది. దక్షిణం వైపు మూసా బుర్జ్ కూడా ఆ తర్వాత కట్టిందే, 1666లో పూర్తయింది. కట్టించింది మూసా ఖాన్, కట్టిన ఉస్తాద్ పేరు ధర్మాచారి. ఈ రెండు పేర్లు ఒక రాతి మీద పక్కపక్కన ఉన్నాయని మన పిల్లలకు ఏ గైడూ చెప్పగా నేను వినలేదు.

ముప్పై ఏళ్ల తర్వాత, 1687 మొదట్లో, అదే ఔరంగజేబ్ ఈసారి బాద్షాగా వచ్చాడు. లోపల అబుల్ హసన్ తానా షా. అక్కన్న మాదన్నలను అంతకు ముందు ఏడాదే చంపేశారు. ఇవతలా ముసల్మాన్లే, అవతలా ముసల్మాన్లే, రెండు ఫౌజ్‌లలోనూ హిందువులు. ఈ జంగ్‌ను వేరే రంగులో చెప్పేవాళ్లు ఈ నాలుగు ముక్కలు దాటేసి పోతారు.

మొగల్ ఫౌజ్ ముట్టడి వేసి ఎనిమిది నెలలు కూచుంది. నిజానికి ఆ ఎనిమిది నెలల్లో లోపలివాళ్ల కన్నా బయటివాళ్లే ఎక్కువ అగచాట్లు పడ్డారు. కరువు, ధాన్యం దొరకదు, ఆ పైన వాన. కందకాలన్నీ బురద, డేరాల్లో రోగాలు. ఖిలిచ్ ఖాన్ అనే పెద్ద సేనానికి తోప్ గుండు తగిలి చేయి పోయింది, అదే గాయంతో చనిపోయాడు. మన ఆసఫ్ జాహీ నిజాముల మూలపురుషుడు ఆయనే, మొదటి నిజాం తాత. ఒక రాత్రి నిచ్చెనలు వేసుకుని కొందరు గోడ ఎక్కబోతే ఒక వీధికుక్క మొరిగి పహరా వాళ్లను లేపిందనీ, తానా షా ఆ కుక్కకు బంగారు గొలుసు వేయించాడనీ ఆ కాలపు తవారీఖ్‌లు రాసేవాళ్లు రాశారు. (మా గల్లీ కుక్కలు ఆ ఖాందాన్ అయి ఉంటాయి, ఆటోను కూడా రానివ్వవు.) ఇంకోసారి గోడ కింద సొరంగం తవ్వి బారూద్ నింపారు. లోపలివాళ్లు పసిగట్టి తమ వైపు నుంచి తవ్వుకొచ్చి, కొంత బారూద్ తీసేసి, కొంత నీళ్లతో తడిపేశారు. వత్తి అంటిస్తే రాళ్లు బయటికే ఎగిరి మొగల్ సిపాహీల మీదే పడ్డాయి.

అంటే గోడ ఓడిపోలేదు. కానీ లోపల ఒక్కొక్క అమీర్ జారిపోతూ వచ్చాడు. అటువైపు నుంచి మన్సబ్‌లు, రూపాయలు, ఖిల్లత్‌లు. చివరికి పెద్ద సర్దార్లలో మిగిలింది ఇద్దరే అంటారు: అబ్దుర్ రజ్జాక్ లారీ, అబ్దుల్లా ఖాన్ పనీ. సెప్టెంబర్‌లో ఒక రాత్రి చివరి జామున ఆ పనీ ఒక చిన్న తలుపు తీయించాడు. లోపలికొచ్చినవాళ్లు పెద్ద దర్వాజా తెరిచారు, మేం రోజూ కూరగాయల సంచులతో దాటే దర్వాజా. దాన్ని ఫతే దర్వాజా అంటున్నాం, గెలుపు ద్వారం అని. ఎవరి ఫతే? అది గెలిచినవాళ్లు పెట్టిన పేరు, ఓడినవాళ్ల ఊరు ఇంకా అదే పేరుతో పిలుస్తోంది.

లారీ తన కొద్దిమంది మనుషులతో ఎదురెళ్లి, డెబ్బై దాకా గాయాలతో పడిపోయాడని రాశారు. ఆ వఫాదారీ చూసి ఔరంగజేబే వైద్యులను పంపి బతికించాడు. తానా షాను దౌలతాబాద్ తీసుకెళ్లారు. ఒక ఖిలా నుంచి ఇంకో ఖిలాకు, ఈసారి ఖైదీగా. అక్కడే కన్నుమూశాడు.

ఇప్పుడు నా పేచీ. పనీ చేసింది గద్దారీయే, నేను దాన్ని తుడిచేయడం లేదు. అతను అఫ్ఘాన్ సర్దార్, అంతకు ముందు బీజాపూర్ కొలువు వదిలి మొగలుల దగ్గరికి, అక్కణ్నుంచి ఇక్కడికి వచ్చినవాడు. అతనికి ఖిలా అంటే నౌక్రీ. ఆ కాలంలో దక్కన్ ఫౌజ్‌లలో ఇరానీలు, అఫ్ఘాన్లు, హబ్షీలు, అరబ్బులు, మరాఠాలు, తెలుగు నాయకులు, అందరూ తన్‌ఖా మీద ఉన్నవాళ్లే. వఫాదార్‌గా మనం పిల్లలకు చెప్పుకునే లారీ కూడా మొదట ఔరంగజేబ్ కొలువు వద్దన్నా చివరికి ఒప్పుకున్నాడు. ఇల్లు గడవాలి. ఒకే మనిషి మీద మొత్తం తోసేస్తే ఇంకేమీ అడగనక్కర్లేదు. ఎనిమిది నెలలు నీళ్లు మోసిన భిస్తీ ఎవరు, గోడ కింద తడి బారూద్‌లో పాకినవాళ్ల పేర్లేంటి, జీతాలు ఎన్నాళ్లు అందాయి, బయట మొగలులు పంచుతున్న రూపాయల కబురు ఇంటికొస్తే ఆ సిపాహీ బీబీ ఏమనుకుంది? అమ్మీ అడిగిన రొట్టెల సవాల్ కూడా అందులోదే. ఎవరూ రాయలేదు. రాజుగారి కుక్కకు వేసిన గొలుసు మాత్రం రాశారు.

ఆ మాటకొస్తే గోడ లోపలి ప్రమాదం ఈ ఖిలాకు కొత్త కాదు. 1518లో కట్టిన జామా మసీదు బాలా హిసార్ దర్వాజా దగ్గరే ఉంది. ఈ ఖిలాను నిలబెట్టిన సుల్తాన్ కులీనే 1543లో అక్కడ చంపేశారు. చంపించింది సొంత కొడుకు.

ఖిలాల కాలం పోయింది కానీ సిపాహీల మకాంలు పోలేదు. అవే మన మొహల్లాలు. నిజాం కాలపు పేర్లు చూడండి. ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, హబ్షీ గుర్రపు దళం ఉన్న చోటు. ఫస్ట్ లాన్సర్ ఒక రెజిమెంట్ పేరు, ఇప్పుడు బస్తీ పేరు. బర్కస్ అంటే బ్యారక్స్. హజ్రమౌత్ నుంచి వచ్చిన అరబ్ సిపాహీల బ్యారక్స్ నోళ్లలో నలిగి బర్కస్ అయింది. మా రిసాలా బజార్‌లో రిసాలా అంటే గుర్రపు దళమే. మన పెళ్లిళ్లలో మర్ఫా వాయిస్తే కాళ్లు ఆగవు కదా, అది ఆ హబ్షీ, అరబ్ సిపాహీలు తమ వెంట తెచ్చుకున్న దరువు. నల్గొండలో, ఖమ్మంలో కూడా ఇప్పుడు మర్ఫా లేనిదే బరాత్ కదలదు.

మా ఆయన దాదా నిజాం ఫౌజ్‌లో రిసాలా సవార్. నేను చూడలేదు, నేను రాకముందే ఇంతెఖాల్ అయ్యారు. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయిదు రోజుల్లో ముగిసింది, ఆ తర్వాత దళాలు రద్దయ్యాయి. ఇంట్లో చెప్పుకునేది ఆ అయిదు రోజుల గురించి కాదు, ఆ తర్వాతి అయిదేళ్ల గురించి. ఈటె పట్టుకోవడం, గుర్రం ఎక్కడం తప్ప వేరే పని నేర్వని మనిషి. పొలం లేదు, చదువు లేదు. ఉన్న నీడ కూడా కొలువుతో వచ్చింది. దాదా గుర్రాన్ని మాత్రం వదల్లేదు, టాంగా తోలారు. ఒకప్పుడు తను సలాం కొట్టిన అఫ్సర్ల ఇళ్ల ముందే సవారీ కోసం నిలబడేవారట. సాయంత్రం ఇంటికొచ్చాక ముందు గుర్రానికి నీళ్లు, తర్వాతే తనకు. దాదీ చుట్టుపక్కల పెళ్లిళ్లకు జరీ కుట్టి పిల్లల్ని పెంచింది. బర్కస్‌లో చాలామంది జామ తోటల వైపు, పళ్ల వ్యాపారం వైపు వెళ్లారు, వాళ్ల మనవళ్లు గల్ఫ్‌కు వెళ్లారు. ఏసీ గార్డ్స్ వాళ్లలో చాలామంది మర్ఫా పట్టుకుని బతికారు. పుస్తకాల్లో ఈ కాలమంతా ఒక్క వాక్యం: దళాలు రద్దు చేయబడ్డాయి.

గోల్కొండలో సిపాహీలు ఇప్పటికీ ఉన్నారు. ఇండియన్ ఆర్మీ ఆర్టిలరీ సెంటర్ ఇక్కడే. తోప్‌ల ఊళ్లో తోప్‌లు నేర్పే బడి. ఇప్పుడు కుర్రాళ్లను అగ్నివీర్‌లుగా తీసుకుంటున్నారు. 2022 నుంచి వచ్చిన పద్ధతి, నాలుగేళ్ల కొలువు, ఆ తర్వాత నూటికి ఇరవై అయిదుగురి దాకా మాత్రమే ఉంచుకుంటారు. మా ఇంట్లో ఈ వార్త చూసినప్పుడు అందరికన్నా ముందు నోరు తెరిచింది అమ్మీయే. "నాలుగేళ్లా? తర్వాత టాంగాలు కూడా లేవు కదా" అన్నారు.

కసమ్ పరేడ్ రోజుల్లో ఊరూరి నుంచి అమ్మానాన్నలు వస్తారు. మా సందు మొదట్లో ఉన్న చాయ్ కొట్టు దగ్గర సంచులు దింపుకుని దారి అడుగుతారు. మొన్నామధ్య ఒక రాజస్థాన్ అమ్మ, తల మీద ఘూంఘట్, చేతిలో డబ్బా. కొడుక్కు నెయ్యి లడ్డూలు. గేటు ఎటువైపో చూపించాను. ఆమె గేటు సంగతి వదిలేసి నన్ను అడిగింది, లోపల రొట్టెలు వేడిగా పెడతారా, లేక పొద్దున చేసినవే రాత్రికి పెడతారా అని. దక్షిణాదిన అన్నమే పెడతారేమోనని ఆర్నెల్లుగా ఆమె ఫికర్. మా సాస్ లోపలి నుంచి అది విని, చెప్పులేసుకుని బయటికొచ్చి, ఆమెను ఇంట్లోకి తీసుకెళ్లి కూచోబెట్టారు.